పొల్లుపోకుండా

రుషికొండలో మూడో కొండ మీద మా ఆఫీసు.
కిటికీలో సగం సముద్రం, సగం పార్కింగు.
నాకిచ్చిన పని చిన్నదే:
పోర్టు గేటు కంప్యూటరుకి ఇరవయ్యారు అక్షరాలే వచ్చు,
ఓడ దిగేవాళ్ళ పేర్లన్నీ
ఆ ఇరవయ్యారులోకి దించాలి.

ఫ్రెంచి వంటవాడి ‘ఈ’ నెత్తిన ఓ వాలుగీత,
జర్మను ఇంజనీరు ‘యూ’ మీద రెండు చుక్కలు,
ఎక్కడో పాత అచ్చులోంచి వచ్చి
ఒకదాన్నొకటి వాటేసుకున్న ‘ఎఫ్’, ‘ఐ’.
విడదియ్, పైవన్నీ ఊడ్చెయ్.
టీ చల్లారకముందే కోడు అయిపోయింది.
టోపీ తీసి లోపలికి రమ్మనడమే కదా
అనుకున్నాను.

పోలండు ‘ఎల్’కి ఉన్నది టోపీ కాదు.
ఒంటికి అడ్డంగా కుట్టేసిన గీత,
విప్పబోతే విడిరాదు.
విడిరాని దాన్ని నా కోడు
మనిషితో సహా పారేసింది.
వూకాష్ అనే నావికుడు
జూలై వానలో గేటు బయట మూడు గంటలు నిలబడ్డాడు,
పాస్‌పోర్టులో ఉన్న మొదటి అక్షరం
గేటు పాసులో లేదని.
జవానుది తప్పు కాదు, అతను అక్షరాలు లెక్కపెట్టాడు.
నేనే లెక్కపెట్టలేదు.

ఆ వారమే ఎవరో అదే కోడు పట్టుకెళ్ళి
ఫిషింగ్ హార్బరు టోకెన్ల జాబితా మీద నడిపారు.
ఇది తెలుగని దానికి చెప్పినవాళ్ళు లేరు.
అక్షరాన్ని అంటుకున్నదల్లా దాని కంటికి మరకే.
మైలపల్లి వారు మలపలల వారయ్యారు.
పైడితల్లి బోటు, పడతలల.
గుళ్ళు ఎగిరిపోయాయి, ఏత్వాలు రాలాయి,
పొల్లు పోయేసరికి
కింద ఒదిగి కూర్చున్న ఒత్తులన్నీ లేచొచ్చి
పైవాటి పక్కన వరసలో నిలబడ్డాయి.
కొమ్ములు మాత్రం మిగిలాయి, ఎందుకో.
నూకరాజు ఒక్క దీర్ఘంతో పోయి
నూకరజుగా బయటపడ్డాడు.
“కొమ్మున్న కోనాం వల్లో ఆగుద్దేటి, మేడమ్?”
అని టోకెను తిప్పి చూసి నవ్వాడు.
మిగతావాళ్ళు నవ్వలేదు.
ఆ రోజు డీజిలు ఆ టోకెన్ల మీదే.

రాత్రి కూర్చుని
విడిరాని అక్షరాలకి చేత్తో పట్టిక రాశాను,
ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి.
తెలుగుకి ఒకే లైను:
ముట్టుకోకు.

మర్నాడు తప్పు ఒప్పుకుందామని జెట్టీకి వెళ్ళాను.
పక్క బోటుకి రంగేస్తున్న దాలయ్య
నిరుడు తను రాసిన పైడితల్లిని చూపించాడు.
చెక్క చాలక
లకారం కింది ఒత్తు నీటిగీతకి దిగువన పడింది.
ఐసు నింపితే మునుగుతుంది.
మరి చదవడం ఎలాగ అన్నాను.
కుంచె డబ్బా అంచుకి రాస్తూ
“ములిగినా అక్కడే ఉంటాది కదండీ” అన్నాడు.

టగ్గు ఒకటి వెళ్ళింది, అల వచ్చింది.
బోటు ఒక్క జానెడు లేచింది.
ఒత్తు కనబడింది,
నీళ్ళు కార్చుకుంటూ,
మళ్ళీ దిగిపోయింది.