నాలుగున్నర

చర్చి వీధిలో నా కొట్టు. ముందర జ్యూసు బండి,
వెనక మురిక్కాలవ.
మామిడి లారీ మలుపు తిరిగినప్పుడల్లా
గోడకు తగిలించిన రబ్బరు బెల్టులు ఊగుతాయి.
టేపురికార్డర్లు బాగుచేసేవాళ్ళు చిత్తూర్లో ఇంకెవరూ లేరు.
చేయించుకునేవాళ్ళూ లేరు.
అయినా పొద్దున్నే షట్టరు ఎత్తుతాను.

ఇరాల పక్కనుంచి వచ్చింది వళ్ళెమ్మ.
కొంగుముడి విప్పితే ఒక క్యాసెట్టు.
లేబులు మీద నాటకం పేరు చెమటకు చెరిగిపోయి
మిగిలింది ఇంతే:
రాణి వేషం, మొగిలప్ప. ఎనభై నాలుగు.

"మా నాయన," అనింది.
"తెల్లార్జామున ఏడుపు ఘట్టం.
దుఃఖం పొంగేకొద్దీ శ్రుతి పైకి, ఇంకా పైకి,
కాలం పరుగో పరుగు.
ఆ మాదిరి పాడినోడు మళ్ళీ పుట్టలేదని
మా ఊర్లో ఇప్పటికీ చెప్పుకుంటారు సామీ."

పెట్టి విన్నాను. నిజమే.
ముఖారి. మొదట్లో నింపాది,
పద్యం పద్యానికీ సన్నబడి, పదునెక్కి,
చివరికి గాజు మీద గోరు.
నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.
కానీ మద్దెల కూడా సన్నబడింది.
మద్దెలకెందుకు దుఃఖం?

మిట్టూరు నుంచి చెంగల్రాయ మేస్త్రిని ఆటోలో పిలిపించాను.
ఆ రాత్రి హార్మోనియం ఆయనదే.
ఎనభై దాటినాయి, ఒక చెవి పోయింది.
ఉన్న చెవిని స్పీకరుకు ఆనించి
రెండు నిమిషాల్లో తిట్లకు దిగాడు:
"నా పెట్టి నాలుగున్నర శ్రుతిరా! ఇత్తడి రీడ్లు.
రాణి ఏడ్చినా, రాజు సచ్చినా జరగవు.
ఈడ ఆరు పలుకుతాండాది.
ఎవుడి పెట్టిరా ఇది?"

అప్పుడు తెలిసింది.
కరెంటు లేని ఊరు. నాలుగు ఎర్ర బ్యాటరీలు.
రాత్రంతా తిరిగి తెల్లారేసరికి నీరసించిన మోటారు.
నీరసంగా పట్టిన టేపు
నిండు కరెంటు మీద ఉరుకుతుంది.
నలభై యేండ్లు ఊరంతా ఏడ్చింది
బ్యాటరీల చావుకు.

చెప్పాలా? చెప్పేశాను.
కాసేపు జ్యూసు బండినే చూసింది.
"సరి చెయ్యి," అనింది.

మోటారు వీపున చిన్న రంధ్రం, లోపల ఆవగింజంత మర.
మేస్త్రి తన పెట్టెలో ఒకే మెట్టు నొక్కి పట్టుకున్నాడు.
టేపులోని పెట్టె ఈ పెట్టెతో కలిసేదాకా
నేను స్క్రూడ్రైవరు తిప్పుతూ,
వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి,
పద్యం ముందుకు పోయేకొద్దీ మరను వెనక్కి.
లారీ వస్తే ఆగి, మళ్ళీ మొదట్నుంచి.

రాణి దిగి వచ్చింది.
ఏడుపు కాదది, అలసట.
గొంతులో జీర. ఊపిరి చాలక పాదం చివర మింగేసిన అక్షరం.
రాత్రి పదికి చుట్టిన చీర, రంగు కింద దురద,
పొద్దున్నే మడి దున్నాలన్న ఎరుక.

"ఎద్దుల్ని అదిలించే గొంతు ఇది," అని నవ్వింది వళ్ళెమ్మ.
"ఇది మా నాయన."

ఆఖరి పద్యానికి ముందు ఒక చిన్నపిల్ల కీచుగొంతు ఉంది,
రెండే మాటలు, అందనంత తొందరగా.
"అది నేనే," అని ముందే చెప్పిందామె.
"ఆరేండ్లు నాకు. తెర పక్కనే కూర్చోనుంటి."

ఆ చోటు వచ్చింది.
మేస్త్రి మెట్టు వదల్లేదు. నేను మర తిప్పాను.
పిల్ల పెద్దదయింది.
ఆడమనిషి గొంతు, నిద్రమత్తు, కొంచెం విసుగు:
"నీళ్ళు తాగి పాడు."

తర్వాత రాణి గుటక. చెంబు కింద పెట్టిన చప్పుడు.

మేస్త్రి తిత్తి వదిలేశాడు.
పెట్టెలో మిగిలిన గాలి
నాలుగున్నర మీదే సన్నగా పోయింది.

"ఇంకోసారి పెట్టు," అనింది వళ్ళెమ్మ.
"నాయన్ని కాదు.
ఆ నీళ్ళని."