స్క్రూడ్రైవరుకి మీసం

జ్ఞానాపురం నుంచి షేరాటోలో
కేబినెట్‌కి దుప్పటి చుట్టి తెచ్చాడు సిల్వెస్టర్.
పదిహేడో, పద్దెనిమిదో.
"అక్కా, పరిగెడుతుంటాను, ఏటో ముక్కలు ముక్కలైపోద్ది.
బొమ్మ ఆగిపోద్ది.
మళ్లీ కదిలేసరికి నాను సచ్చిపడుంటాను."

ఎన్ని ఫ్రేములొస్తున్నాయిరా?

"ముందు తొంభై. పావుగంటకి నలభై.
తర్వాత ఇరవై, పద్నాలుగు...
పొద్దోయాక చేపల బేరంలా దిగిపోతాది."

దొండపర్తిలో మేడమెట్ల కింద నా కొట్టు.
రైలు పోతే బల్లమీద మరలు వాటంతటవే దొర్లుతాయి.
ముందు తీగ చూశాను.
వచ్చేవాళ్లలో సగం మంది
మానిటర్ తీగని కార్డుకి కాక బోర్డుకి గుచ్చి ఏడుస్తారు.
వీడు సరిగ్గానే గుచ్చాడు.
డ్రైవర్ కొత్తదే. డిస్కులో జాగా ఉంది.
వెనకాల దొంగతనంగా నడిచేవేమీ లేవు.

ఆట తెరిచి చూపించాడు.
నీడలు తగ్గించమన్నారట ఎవరో, "తీసీసినాను."
గడ్డి తీసెయ్యమన్నారట, "పీకీసినాను."
నీళ్లలో మెరుపులు, దూరాన కొండలు, మంచు, పొగ
ఒక్కోటీ ఒక్కో రాత్రి తీసేశాడు.
ఇప్పుడా ఊళ్లో
మనిషి వెంట నీడ లేదు,
సముద్రానికి అల లేదు, నీలం రేకు పరిచినట్టుంది.
అంత బోసి లోకం కూడా
ఆగి, ఆగి, ఒగుర్చుకుంటూ నడుస్తోంది.

వేడి చూస్తే తొంభై ఏడు.

పక్కరేకు విప్పాను.
జాలీ ఒకప్పుడు తెల్లదట.
ఫ్యాను రెక్కల మీద బొగ్గు, కాటుక పట్టినట్టు నున్నగా.
మర విప్పుదామని స్క్రూడ్రైవర్ లోపలికి పెట్టానా,
తీసేసరికి దాని మొనకి మీసం మొలిచింది.
ఎర్రటి, సన్నటి, నిక్కబొడుచుకున్న మీసం.

నా స్క్రూడ్రైవరుది అయస్కాంతం మొన.
ఈ ఎర్రది ఇనుము.
ఎక్కడి కొండలోనో పుట్టి, రైలెక్కి,
బెల్టు మీద ఊరేగి, ఓడెక్కి
దేశాలు పోవాల్సిన సరుకు
దారి తప్పి ఈ గుంటడి గ్రాఫిక్స్ కార్డులో దిగబడింది.

"మా అమ్మ డాబా మీద తెల్లబట్ట ఆరెయ్యదక్కా," అన్నాడు
అది మామూలే అన్నట్టు.

దగ్గెవరికిరా మీ ఇంట్లో?
"దగ్గా? ఎవలికీ లేదు."
కాసేపుండి,
"మాటాడే ముందు గొంతు సవరించుకుంటాం, అంతే."

చిప్పుకి బుద్ధుంటుంది.
ఒళ్లు కాలితే అడుగు నెమ్మది చేస్తుంది,
చల్లబడ్డాక మళ్లీ అందుకుంటుంది.
దానికెవరూ జీతం కొయ్యరు.

మేడ మీదికి తీసుకెళ్లి బ్లోయరు పెట్టాను.
ముక్కుకి చున్నీ కట్టుకున్నాను, వాడికి నా రుమాలు.
చిప్పు మీది పాత పేస్టు
సున్నంలా పొడిపొడిగా రాలింది.
తుడిచి, శనగగింజంత కొత్తది పెట్టాను.
ర్యామ్ బద్దీల్లో ఒకటి ఏడాదిగా పలకడం లేదని
వాడికే తెలీదు.
ఉప్పుగాలికి పళ్లు పచ్చబడ్డాయి.
మా పాప రబ్బరుతో రుద్దాను, పెన్సిలు గీత చెరిపినట్టు.

బిగించాక పావుగంట. అరగంట.
తొంభై తొంభైగానే నిలబడింది.
వేడి అరవై ఎనిమిది.
వాడింకా నమ్మడం లేదు, మౌసు మీద వేలు బిగుసుకుపోయుంది.

నీడలు పెట్టు, అన్నాను.
పెట్టాడు.
గోడ కింద, బండి కింద, వాడి బొమ్మ కాళ్ల కింద
నల్లగా, మెత్తగా వచ్చి కూర్చున్నాయి.
గడ్డి లేచింది. అల కదిలింది.
"ఓలమ్మో," అన్నాడు, "ఇక్కడ కొండుందా!"

ఆరువందలు. ఐదొందలే ఇచ్చాడు, సర్లెమ్మన్నాను.
మళ్లీ ఎప్పుడు తేవాలన్నాడు.
మూణ్ణెల్లకి. గాలి హార్బరు వైపు నుంచి తిరిగితే రెండుకే.

స్క్రూడ్రైవర్ తుడుస్తున్నాను.
ఈ గుడ్డ అంచు నుంచి ఆ అంచుకి పారిపోతుంది గానీ
మీసం ఊడదు.

వాడు దుప్పటి దులపబోయాడు.
లోపలొద్దురా, బయట దులుపు, అన్నాను.
దుప్పటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు,
బయటంటే ఎక్కడో
తోచనట్టు.