మెత్తని కాలు

నాలుగోసారి తెచ్చినాడు ఓబులేసు మెటడోర్‌ని.
"బ్రేకు ఒకోసారి పడ్తాది, ఒకోసారి పడదు ఇమామన్నా."

ఒకోసారి.
ఇంతకన్నా చేటు మాట మా షెడ్డులో ఇంకోటి లేదు.
విరిగిందంటే అతుకుతా, కారిందంటే కడతా,
ఒకోసారికి ఏ సైజు పానా పెట్టేది?

నేనెక్కి తొక్కితే
రాయి మాదిరి నిలబడ్తాది పెడలు.
ప్రొద్దుటూరు రోడ్డులో అరవైకి పోనిచ్చి ఎగిరి తొక్కితే
నల్లగీతలు గీసి ఆగింది బండి,
ఎర్రగుంట్ల దుమ్మంతా వెనకనించి వచ్చి మా మీద పడింది.
"చూస్తివా?" అన్నా.
చూసినాడు. ఏమీ అనలేదు.
వాని ముఖంలో
డాక్టరు ముందర కూచోంగానే జరం దిగిపోయినోని సిగ్గు.

మొదటిసారి గాలి తీసింటి.
వన్నూరు లోపల కూచుని తొక్కుతా ఉంటే
నేను కింద పండుకొని
సీసాలో బుడగలు ఆగిపోయేదాకా చూసినా.
రెండోసారి లైనర్లు.
మూడోసారి చక్రాల సిలిండర్లు విప్పితే
చుక్క లేదు, తడి లేదు,
ఎండకాలం పెన్న మాదిరి ఉన్నాయి.
డబ్బాలో ఆయిలు గీత కింద దిగలేదు.
కారకుండా పోయేది యాడికి పోతాది?
మూడుసార్లూ డబ్బు తీసుకున్నా. అదీ చెప్పాల.

నాలుగోసారి పానా ముట్టలేదు.
టీ తెప్పించి వాణ్ణి స్టూలు మీద కూచోబెట్టినా.
యాడ? ఏ పొద్దు? లోడుతోనా, ఖాళీగానా?

"రైలు గేటు కాడ" అన్నాడు.
"గేటు పడింటాది. ఆడ రోంత దిగుడు గదా,
కాలు పెట్టి నిలబెట్టింటా.
బొగ్గు రైలు పోతానే ఉంటాది,
పెట్టెలు లెక్కేసుకుంటా ఉంటా.
ముప్పై దాటినాక
కాలి కింద దిగిపోతాదన్నా.
చప్పుడుండదు. బాయిలో చెంబు మునిగినట్టు.
ముందరుండే ఆటో దగ్గరికొస్తాంటాది."

"హ్యాండుబ్రేకు?"
"అది పోయి మూడేండ్లాయె."
"ఒక్క తన్ను తన్నొద్దా?"
"తంతే పడ్తాది.
వెనక బండలుండాయి గదన్నా."

వెనక బండలు.
నిలువుగా పేర్చిన నాప బండలు, సందుల్లో వరిగడ్డి.
ఒక్క కుదుపుకి మూడు పగిలితే
ఆ దినం కూలి ఆ ముక్కల్లోనే పాయె.
ఇరవై రెండేండ్లుగా వీడు
బ్రేకు తొక్కలేదు, నిమిరినాడు.

చెప్పులు విడిచి ఎక్కినా.
ఆరని సిమెంటు మీద పిల్లి పాదం మోపినట్టు
పెడలు మీద కాలు ఆనించి
ఊరకున్నా.
పన్నెండు దాకా లెక్కపెట్టినా.
పదమూడుకి
దిగింది.
నా కాలి కిందనే, చప్పుడు లేకుండా, అడుగు దాకా.

మాస్టర్ సిలిండర్ విప్పితే
లోపల రూపాయి బిళ్లంత రబ్బరు కప్పు,
అంచు అరిగి, తమలపాకు మాదిరి మెత్తబడి.
ఎగిరి తొక్కితే విచ్చుకొని గోడను కరుచుకుంటాది.
మెల్లగా తొక్కితే
మెల్లగా పక్కకు ఒరిగి ఆయిలుకు దారిస్తాది,
బయటికి కాదు, వచ్చిన డబ్బాలోకే.
అరిచి అడిగినోనికి ఒక జవాబు,
మెత్తగా అడిగినోనికి ఒకటి.
మండలాఫీసులో చూసిందే ఈ గుణం,
ఇనుములో కూడా ఉంటాదనుకోలేదు.
నేను మూడుసార్లూ అరిచే అడిగినా.

కిట్టు మార్చి, గాలి తీసి,
లోడు బండితోనే గేటు కాడికి పోయినాం.
గేటు ఎత్తే ఉంది. రైలు జాడ లేదు.
ఊరంతా తిట్టే గేటు
ఎప్పుడు పడ్తాదా అని
రోడ్డు పక్కన నిలబడి బీడీ తాగినాం ఇద్దరం.

పడింది.
వాడు కాలు పెట్టినాడు, నేను ఆటోను చూస్తా కూచున్నా.
బొగ్గు పెట్టెలు పోతానే ఉన్నాయి.
ఆటో యాడుండేది ఆడనే ఉంది.

"యాభై ఎనిమిది" అన్నాడు ఓబులేసు.
నాకు యాభై తొమ్మిది వచ్చింది.