సెంబు

కాశీబుగ్గలో జీడి షెడ్డు. మేం పదకొండుమందిమి.
పప్పు మీద పొర తీస్తాం. గుడ్డు ఒకపక్క, బద్ద ఒకపక్క,
నూకలు ఆఖరికి.
చేతులకి ఎంత బూడిద రాసుకున్నా
జీడి వేళ్ళనొదలదు.

సోమవారం పొద్దున్న కూర్మమ్మ
తన ఇత్తడి సెంబు తెచ్చి
తవిటమ్మ చేతిలో పెట్టీసినాది.
"ఉంచుకో, నాకెందుకు" అన్నాది.
నిజం సెప్తన్నాను, ఆ సెంబు మీద నాకు ఆశే పుట్టింది.

తవిటమ్మకి మాత్రం చెయ్యి ఆగిపోయింది.
పోయినేడు వాళ్ళ తమ్ముడు దానేసు
టీ కొట్టు బాకీ, చీటీ బాకీ,
అర్ధరూపాయి ఉంచకుండా తీర్చీసి
అందరికీ నవ్వుతా కనబడ్డాడు.
ఎంత కుదురొచ్చిందో గుంటడికి, అనుకున్నాం.
మూడోనాటికి
అనుకోడానికేటీ మిగల్లేదు.

మధ్యాన్నం గంజన్నం కాడ
తవిటమ్మ సుట్టూ తిప్పలేదు.
"ఒలే కూర్మీ, సచ్చిపోవాలనుందా నీకు?"
మిషను తిరుగుతానే ఉంది.
ఎవరో ఉల్లిపాయ కొరకబోయి ఆగినారు.
"ఉంది" అన్నాది,
అప్పు ఒప్పుకున్నట్టు, తల దించి.

పిల్లల మొకం సూడవా అని ఎవరూ అనలేదు.
పాపమనలేదు. దేవుడి పేరు తియ్యలేదు.
నా నోటిదాకా వచ్చింది గాని
తవిటమ్మ నా తొడ గిల్లినాది.
"ఎన్నాళ్ళనుంచే?" అని అడిగి కూకున్నాం.
గంట కొట్టినా లేవలేదు.
మేస్త్రీ అరిసి అరిసి
తనూ వచ్చి గుమ్మంలో కూకున్నాడు.

ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో మా చాప.
ఒకనాడు నేను, ఒకనాడు మోహిని.
పగలైతే ఉప్పుకని ఒకర్తి, పేలు సూడమని ఒకర్తి.
ఇంట్లో ఉండకూడనివన్నీ
ఆశా హేమసుందరి మూటగట్టి పట్టుకుపోయింది.
గురువారం గురువారం శ్రీకాకుళం పెద్దాసుపత్రి బస్సు.
ఆమెకో టిక్కెట్టు, తోడుకో టిక్కెట్టు,
డబ్బులు అందరి కూలిలోంచి.

గొప్ప మాటలేవీ రావు మాకు.
నిద్రపట్టక ఆమె లేస్తే
మేమూ లేస్తాం.
"పొండే, నన్నొదిలీండి" అని తిట్టిన రాత్రులున్నాయి.
మోహిని గురకపెట్టి జవాబిచ్చేది.

వానలు పడ్డాయి. గురువారాలింకా ఆగలేదు.
ఒకపూట పని మధ్యలో, ఉన్నట్టుండి,
"తవిటీ, నా సెంబేదే?" అన్నాది కూర్మమ్మ.

"ఇచ్చిన సొమ్ము అడుగుతావా, సిగ్గులేదూ!"
తవిటమ్మ తిట్టడం మొదలెట్టి
తిడతానే ఉంది,
కళ్ళు తుడుచుకుందామంటే
జీడి అంటని వేలొక్కటీ లేక.