తెప్ప బొమ్మ

వన్ టౌన్‌లో బైండింగు మౌలాలి అంగడి.
అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం.
చదవను రాదు, బొమ్మలే చూస్తిమి:
గడ్డిటోపీ పిల్లోడు, ఉత్త కాళ్ళు,
తెప్ప మీద ఎల్లకిలా పడుకోని
ఏ ఊరికో పోతాంటాడు.
బటర్ పేపరు కింద
సన్నసన్న గీతలే ఏరు.

మేమూ లారీ ట్యూబులు కడితిమి.
హంద్రీలో నీళ్ళెక్కడివి?
ఇసకలోనే కూచోని తెడ్డేస్తిమి
పొద్దు గుంకేదాకా.

ఏండ్లకు, కర్నూలు మునిగిన అక్టోబరులో
ఏరే అంగట్లోకొచ్చింది.

నీళ్ళు తీసినాక
పేజీ పేజీ దారానికి ఆరేసినాడు మౌలాలి.
బటర్ పేపరు పీకితే
తెప్ప దాంతోనే లేచొచ్చింది.
బురద మరక మీద పిల్లోడు
అట్లే పడుకోనున్నాడు.

"మనం మిద్దెలెక్కితిమి.
వీడు సూడు, తెప్ప పోయినా దిగల్యా"
అంటా
మైదా జిగురు కలుపుతాండాడు.