నిలబడే పని

సోహార్ల, పోర్టు దిక్కు పోయే రోడ్డు మీద
కాలేజీవాళ్ల కళల కేంద్రం ఉంటది.
బయటికెల్లి చూస్తే పెద్ద సిమెంటు డబ్బా.
లోపల నాలుగు గోడలూ నలుపే,
ఏసీ మాత్రం పుష్యమాసం లెక్క.
నా పేరు ముత్తెన్న. వీసాల రాసింది జనరల్ హెల్పర్ అని.
చేసేది నిలబడుడు.

నాటకం ఇంక మూడు రోజులుందనంగ
దీపాలు ఎక్కడ పడాల్నో చూసుకుంటరు.
ఆడే పిల్లలు అప్పటికి క్లాసులల్ల ఉంటరు గద,
వాళ్ల జాగల నన్ను నిలబెడతరు.
తెల్ల టేపు గుర్తు మీద కాళ్లు పెడుత.
మీద ఇనుప వంతెన మీద శంసా,
ముసుగు మడతల పెన్సిలు చెక్కుకొని,
"ముత్తెన్నా, యమీన్, షువయ్య" అంటది.
కుడికి కొంచెం జరుగుత.
"ఖలాస్. హిలో మత్."
కదల.

అట్ల పొద్దుగాల రాజునైన.
నీలం దీపం ముఖం మీద పడ్డంక
జైల్ల ఉన్నోన్నన్నరు.
బువ్వ తిని వచ్చేసరికి పెండ్లిపిల్లను.
"వంగు, ఆమె నీకన్న పొట్టి."
మోకాళ్లు వంచి అరగంట నిలబడ్డ.
ఎవడన్న నవ్వుతడేమోనని చూసిన,
ఎవరూ నవ్వలె.
అందరు చూస్తున్నది నన్ను కాదు,
నా మీద పడ్డదాన్ని.

ఏడేండ్లు ఎండల షట్టరింగు పని చేసినోన్ని.
వెలుగంటే వీపు కాలుడే అనుకున్న.
ఒక పిల్ల కూసొని,
నా చెంప మీద ఎంత పడాల్నో
ముక్కు నీడ ఎటు పోవాల్నో
సదిరి సదిరి పెడుతదని
ఎన్నడనుకుంటి?

నిన్న ఆఖరి సీను.
ముత్యాలకు మునిగినోడు తేలలేదట,
వాని తమ్ముడు ఒడ్డున నిలబడతడట.
శంసా దీపం తగ్గించుకుంట వచ్చింది.
డెబ్బై. నలభై. పది.
పదికి నా చేతులు నాకే కనవడలె.
అప్పుడు సత్తెన్న యాదికొచ్చిండు,
క్యాంపుల నా మంచం మీది మంచమోడు.
నాలుగో అంతస్తుకెల్లి పడ్డనాడు
పోలీసులు వచ్చేదాంక
ఒకడు కావలుండాలని
మేస్త్రీ నన్నే నిలబెట్టిండు.
మూడు గంటలు.
అప్పుడు సుత కదలలె.

"అట్లనే ఉండు, అట్లనే!" అన్నది మీదికెల్లి,
నోటుబుక్కుల ఏదో అంకె రాసుకున్నది.

ఇయ్యాల ఆట.
కుర్చీలన్ని నిండినయి,
ఊదు వాసన, పిల్లల తల్లుల గుసగుస.
నేను వెనుక తలుపు కాడ.
తమ్ముని ఏషం కట్టిన హైథమ్
కండ్లల్ల నీళ్లు తీసుకొని వచ్చి
గుర్తుకు అరగజం ఎడమకు నిలబడ్డడు.
ఆ పదిపాళ్ల వెలుగు
పోయి ఉత్త నేల మీద పడ్డది,
టేపు ముక్క మీద.

మీద శంసా తల పట్టుకున్నది.
నేను, తలుపు కాడ, చీకట్ల,
కుడికి కొంచెం జరిగిన.