అరచేతి అద్దం

ఆర్గన్ మీద అరచేయంత అద్దం ఉంటుంది,
పాస్టరు ఎప్పుడు లేచాడో, జనం ఎప్పుడు కూర్చున్నారో
వెనక్కి తిరక్కుండా తెలుసుకోవడానికి.
పదిహేడో ఏట ఆ పీట ఎక్కాను.
యాభై రెండేళ్లుగా
ఉత్తర డకోటాలో, రైలు ఆగడం మానేసిన మా ఊరు
నాకు కుడి ఎడమగా, ఎడమ కుడిగానే తెలుసు.

అద్దానికి సరిగ్గా నడుమ, మూడో వరుస చివర,
అల్వీనా హౌగెన్.

ముందు నీలం కోటు. తర్వాత బూడిదరంగుది.
తర్వాత కోడలిచ్చిన ఊదారంగుది,
ఇష్టం లేకుండానే పదకొండు చలికాలాలు.
అందరూ టోపీలు మానేశాక కూడా ఆమె తలమీద ఒకటి,
ఈక రాలిపోయి పిన్ను మాత్రం మిగిలినది.

పక్కన ఏనార్. ప్రసంగం మొదలవగానే గడ్డం వాల్చేవాడు.
మోచేత్తో ఒక పోటు. మళ్లీ గడ్డం. మళ్లీ పోటు.
తర్వాత ఏనార్ లేడు.
మోచెయ్యి కొన్నాళ్లు అలవాటుగా కదిలింది.

ఊళ్లో ఎవరు పోయినా, చర్చి కింద వంటగదిలో
ఎనభై కప్పుల కాఫీ డేగిసా ఆమెది.
బంగాళదుంపల పళ్లేల అడుగున
తెల్ల టేపు మీద ఆమె పేరు.
ఏడ్చేవాళ్లకి పలచటి కాఫీ ఇవ్వకూడదనేది.
అంతకు మించిన ఓదార్పు ఆమె నోట నేను వినలేదు.
మా అమ్మ పోయిన రోజు నా చేతికి తువ్వాలిచ్చి
"ఏడుస్తూనే తుడువు, గిన్నెలు తడిగా ఉన్నాయి" అంది.

సంస్కారపు రొట్టె కూడా ఆమె చేసిందే.
శనివారం రాత్రి పిసికేది,
ఉప్పు తక్కువ, పైన అడ్డంగా నిలువుగా కత్తిగాటు.
సొంత పొలం గోధుమలు.

ఇక అద్దం సంగతి.
ప్రభువు ప్రార్థన వేళ నా చేతులకి పని లేదు.
కళ్లు మూసుకోవాలి. మూసుకునేదాన్ని కాదు.
ఒకే గాలికి ఊగే పైరులా అందరి పెదవులూ కదిలేవి.
ఆయన చిత్తం జరగాలనే చోట
అల్వీనా పెదవులు ఆగేవి.
ఒక్క ఊపిరంత సేపు.
రొట్టె అడిగే చోట మళ్లీ అందుకునేవి.

మొదట్లో దగ్గనుకున్నాను.
దగ్గు ఇన్నేళ్లు సరిగ్గా అక్కడే రాదు.

పెద్దవాళ్లనడిగితే పొడిపొడిగా చెప్పారు.
నేను పుట్టిన ఏడాది, కోతల్లో,
వాళ్ల పెద్దవాడు లీఫ్, ఆరేళ్లవాడు,
ఇనప గాదెలో గోధుమల మీద ఆడుతూ
నీళ్లలో మునిగినట్టు మునిగిపోయాడు.
రేకు కోసి గింజలు వదిలారు, సాయంత్రం దాకా కారాయి.
ఆ ఆదివారం కూడా ఆమె మూడో వరుసలోనే ఉందట.

తొంభై మూడో ఏట, వృద్ధుల ఆసుపత్రి కిటికీ దగ్గర,
నేను తెచ్చిన జామ్ సీసా మూత తీయకుండానే
"అద్దం రెండువైపులా పనిచేస్తుందమ్మాయ్" అంది.
"ప్రార్థనలో కళ్లు మూసుకోవు నువ్వు."
అరవయ్యెనిమిదేళ్లదాన్ని, చెవులు కాలిపోయాయి.
"ఆ ఒక్క మాటా మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు.
తేలలేదని రాకపోకలు మానుకుంటామా?"
కాసేపాగి, రొట్టె ఎవరు చేస్తున్నారంది.
కొట్లో కొంటున్నారన్నాను.
మొహం కిటికీవైపు తిప్పుకుంది.

మార్చిలో పోయింది.
నేల ఇనుములా గడ్డకట్టి ఉంది,
గొయ్యికి ఏప్రిల్ దాకా ఆగాలన్నారు.
అద్దంలో మూడో వరుస చివర
మనవడి భార్య ఎవరో, చంటిపిల్లతో.
ప్రార్థన ఆ మాట దాకా వచ్చింది.
అందరి పెదవులూ కదిలాయి. నావి ఆగాయి.
వాళ్లిద్దరి తగువులో నాకేం పని?
అయినా ఆగాయి.

తర్వాత కింద కాఫీ పోశారు.
పలచగా ఉంది.
ఎవరూ ఏమీ అనలేదు.
లేచి వెళ్లి, ఇంకో మూడు చెంచాల పొడి వేశాను.